నలభై ఎనిమిది వోల్టులు

నగిషీలు చెక్కే మెషీన్లో కట్టరును అటూ ఇటూ నడిపే మోటారు కీచుమని అరిచి మొరాయించింది. కట్టరు ఉన్నచోటనే గిరగిరా తిరుగుతూ చెక్కను మాడుస్తుంటే చిన్నకోడలు ఒక్క గంతులో వెళ్ళి మీట నొక్కింది. అదృష్టం, అది ఆర్డరు తలుపు కాదు. పరీక్షకని పెట్టిన తుక్కు చెక్క.

"మళ్ళీ మొండికేసిందా?" పక్క మెషీన్ దగ్గర స్టూలు మీద కాళ్ళూపుకుంటూ అడిగింది పెద్దకోడలు. ఆమె మెషీన్ నత్తకు తోబుట్టువులా పాకుతోంది.

"స్పీడు పెంచానక్కా. సాయంత్రానికి ఈ తలుపు మీద తీగలన్నీ చెక్కడం అవ్వకపోతే మీ మరిది ఒక్కడే పోతాడు. పెళ్ళయ్యాక మొదటి సినిమా!"

"అత్తయ్యని అడగలేకపోయావా?"

"అడిగా. 'తలుపు దించాకే గడప దాటు' అన్నారు."

పెద్దకోడలు ఫక్కున నవ్వింది. "ఊరికే స్పీడు పెంచితే ఎలాగే? కుళాయి సన్నగా వస్తుంటే బిందె నిండుతుందా? మెల్లగా తిరిగితే మోటారులోని రాగి చుట్టలోకి కరెంటు నిండే వ్యవధి ఉంటుంది. తొందరపెట్టావో, అది నిండకముందే తర్వాతి చుట్ట వంతు వచ్చేస్తుంది. సగం బిందెలతో బలం ఎక్కణ్ణించి వస్తుంది? నీ మెషీన్‌కి కరెంటిచ్చే సప్లై పెట్టె ఇరవై నాలుగు వోల్టులు. నలభై ఎనిమిది పెట్టు, ధార పెరుగుతుంది."

"అమ్మో! మోటారు మాడితే అత్తయ్య నా వీపు విమానం మోత మోగిస్తారు."

"మాడదులే. మోటారుకి ఎంత కరెంటు పోవాలో మధ్యలో ఉన్న ఆ డ్రైవరు పెట్టె చూసుకుంటుంది. మన డ్రైవర్లు నలభై ఎనిమిది కన్నా ఎక్కువ వోల్టేజీనే తట్టుకుంటాయి. అటక మీద కొత్త సప్లై ఉంది, దించు."

మెయిన్ ఆపి, వైర్లు మార్చి, గుండె చిక్కబట్టుకుని చిన్నకోడలు మీట వేసింది. ఇందాక మొరాయించిన స్పీడే. కానీ మోటారు ఈసారి మేత చూసిన గిత్తలా దూకింది. మలుపు దగ్గర ఆగి మళ్ళీ పరుగందుకోవడంలోనూ తడబాటు లేదు. తుక్కు చెక్క మీద చెక్కిన తీగ ఎక్కడా గీత తప్పలేదు.

తలుపు ఎక్కించింది. ఎండ వాలకముందే ఆకులూ పువ్వులూ లేచి నిలబడ్డాయి. చిన్నకోడలు ముఖం కడుక్కుని, తల దువ్వుకుని, కూనిరాగం తీస్తుండగా అత్తగారు లోపలికొచ్చారు.

"అప్పుడే అయిపోయిందా! నా బంగారు తల్లివే!" అని తలుపంతా తడిమి మురిసిపోయారు. "అయితే ఆ మంచం పలక కూడా నువ్వే ఎక్కించు. రేపు పొద్దున్నే పట్టుకెళ్తారు. పెద్దదాని మెషీన్ ముసలిది, పాపం. దానికేం చెప్తాం?"

చెప్పి ఆవిడ వెళ్ళిపోయారు. చిన్నకోడలు కూనిరాగం ఆపి మంచం పలక వైపు నడిచింది. పని చేసే చేతికే పని అంటే ఇదే కాబోలు.

బయట బండి హారను మోగింది. "వదినా! మీ చెల్లెల్ని వదులుతారా, లేదా?"

"వస్తోందయ్యా!" అని కేకేసి, పెద్దకోడలు మంచం పలక ఎత్తి తన మెషీన్ పక్కన పెట్టుకుంది. "నువ్వెళ్ళు. ఇది నేను చూసుకుంటా."

"నీ మెషీన్ మీదా? తెల్లారినా అవదక్కా!"

పెద్దకోడలు గుమ్మం వైపు ఓసారి చూసి గొంతు తగ్గించింది.

"నాది ఏనాడో నలభై ఎనిమిదే, పిచ్చిమొహమా. స్పీడే తగ్గించి పెట్టుకున్నా."