వియ్యపురాలి చీరకు వెలుగు

“ఏవండీ, వియ్యపురాలుగారు ఇంకా చీకట్లోనే ఉన్నారు,” అంది సూర్యకుమారి.

సత్తిరాజు కుర్చీని టీవీకి మరింత దగ్గరగా జరుపుకున్నాడు. కూతురు ప్రసన్న పెళ్ళి వీడియోలో తలంబ్రాలు నడుస్తున్నాయి. పెళ్ళికొడుకు తల్లి భవానీదేవి పక్కనే నిలబడి ఉంది. ఆవిడ కట్టిన ఉప్పాడ జరీచీర మాత్రం తడిసిన గోనెసంచిలా ఉంది.

“రేపు ఆవిడ రాజోలు నుంచి వస్తున్నదే ఆ చీర చూసుకోడానికి,” అన్నాడు.

“తెలుసండీ. పెళ్ళిలో కాఫీ రెండో వరసలో ఇచ్చేమని ఆర్నెల్లుగా అంటూనే ఉన్నారు. ఇప్పుడు చీర కూడా కావాలనే నల్లగా తీయించేమంటారు. రోజూ ఆ మాటలు పడాల్సింది మన పిల్ల.”

వీడియో కొత్త పద్ధతిలో తీయమన్నది సత్తిరాజే. దానికోసం ఈ పెద్ద టీవీ కొన్నదీ తనే.

ముక్తేశ్వరంలో వాళ్ళింటికి గ్రైండరొచ్చినా, మోటారొచ్చినా బొట్టు పెట్టకుండా స్విచ్చి వేయరు. ఈ టీవీకి చుట్టూ చట్రమే లేదు. అద్దం మీద పెడితే బొమ్మకి అడ్డం. కింది అంచున నడిమధ్య చిన్న నల్ల బొడిపె కనబడితే, బొట్టు కోసమే పెట్టించి ఉంటారనుకుని అక్కడ పెట్టాడు. వీడియో మసగ్గా వచ్చిన రోజున వాడపల్లి వెంకన్నకి ఏడు శనివారాలు మొక్కుకున్నాడు. వెళ్ళొచ్చిన ప్రతివారం స్వామి కుంకుమ ఆ బొడిపెకే అద్దుతున్నాడు. ఇవాళ ఏడో వారం. ఇంతకు ముందే అద్దాడు. చీర మరికాస్త నల్లబడింది.

‘స్వామీ, నాలో ఏదైనా లోపమా, లేక నీకు జరీ అంటే గిట్టదా?’ అని లోపల్లోపల అడిగాడు.

అంతలో వీడియో తీసిన జాన్ అమలాపురం నుంచి బండి మీద వచ్చాడు.

“మా స్టూడియోలో ధగధగలాడిపోతోందండి. ఇక్కడికొచ్చేసరికి ఇదీ వరస,” అని తల పట్టుకున్నాడు.

“నా సీరియల్ కూడా చీకటిగానే ఉంటోంది జాన్ బాబూ,” అంది సూర్యకుమారి.

“సీరియల్ వాళ్ళ బతుకులే అంత. దాన్నొదిలెయ్,” అన్నాడు సత్తిరాజు. “అసలు ఈ కొత్త పద్ధతేంటో మళ్ళీ చెప్పవయ్యా.”

“ఇదివరకు వీడియో మొత్తానికీ ఒకటే చీటీ అండి, వెలుగు ఇంత అని. ఇప్పుడు సీను సీనుకీ ఓ చీటీ. హోమం దగ్గర ఇంత, తలంబ్రాల దగ్గర ఇంత అని బొమ్మతో పాటే వెళ్ళి టీవీకి చెబుతుంది. డైనమిక్ మెటాడేటా అంటారండి.”

“కూర కూరకీ ఉప్పెంతో విడిగా చెప్పడమన్నమాట,” అంది సూర్యకుమారి.

“ఆయ్, అంతేనండి. అయితే చీటీలు రెండు రకాలు. ఒక కంపెనీ పెట్టిన పద్ధతొకటి, కొన్ని కంపెనీలు కలిసి పెట్టుకున్నదొకటి. మీ టీవీ చదివేదొకటి, నేను రాసింది ఇంకోటీ అయ్యుంటుంది.”

“వెలుగు చూపించడానిక్కూడా రెండు మతాలా?”

జాన్ నవ్వాడు. “వెలుగు ఒకటేనండి. చీటీలే వేరు.”

సత్తిరాజుకి ఆ మాట బాగా నచ్చింది. వచ్చేవారం గుడిలో ఎవరికైనా చెప్పాలనుకున్నాడు.

“పోనీ ఈ కిటికీ మూసెయ్యనా?” అంది సూర్యకుమారి.

“అక్కర్లేదండి. ఈ టీవీకీ ఓ కన్నుంటుంది. గదిలో వెలుతురెంతో చూసుకుని, చీకటి పడితే తనే తగ్గించుకుంటుంది.”

“మా ఆయనకి లేని జ్ఞానం. అర్ధరాత్రయినా లైటు తీయరు.”

జాన్ వంగి, ఆ కన్నెక్కడుందోనని కింది అంచు వెంట చెయ్యి పోనిచ్చాడు. కుంకుమ కనబడగానే చటుక్కున వెనక్కి తీసుకున్నాడు.

“దేవుడి బొట్టండి. నేను చెయ్యెయ్యకూడదు,” అని వెనక వైర్లు సరిచూసి లేచాడు. “రెండో రకం చీటీలు కూడా రాసి పొద్దున్నే పట్టుకొస్తానండి. ఇది మా స్టూడియో పరువు కూడాను.”

ఆదివారం తెల్లవారకముందే సూర్యకుమారి తడిగుడ్డ పట్టుకుంది. వియ్యపురాలికి ఎక్కడ మరక కనబడినా వేలెట్టి చూపించే అలవాటు. గుమ్మాలు, కిటికీలు, ఫ్యాన్ రెక్కలు, టీవీ, దాని కింది బల్ల దేన్నీ వదల్లేదు.

తొమ్మిదింటికి జాన్ పెన్‌డ్రైవ్ తెచ్చాడు. పదింటికి భవానీదేవి దిగింది. కాఫీ మొదట ఆవిడకే ఇచ్చారు.

“చూద్దాం పెట్టండి అన్నయ్యగారూ,” అంది ఆవిడ, కళ్ళజోడు తుడుచుకుంటూ.

సత్తిరాజు కళ్ళు మూసుకుని రిమోటు నొక్కాడు.

“అబ్బ!”

కళ్ళు తెరిచాడు. చీర మీద ప్రతి జరీపోగూ లెక్కపెట్టొచ్చు. గోనెసంచి పోయి, గోదారి మీద పొద్దు పొడిచినట్టుంది.

“నా చీర చీరలానే ఉంది వదినగారూ! కాఫీ సంగతి మరిచిపోయేను లెండి,” అంది భవానీదేవి.

సూర్యకుమారికి కళ్ళు చెమర్చాయి.

“రెండో రకం చీటీలండి!” అన్నాడు జాన్, రుమాలుతో మొహం తుడుచుకుంటూ.

“చీటీలు రాసింది నువ్వే, చదివించింది ఏడో శనివారం,” అన్నాడు సత్తిరాజు.

వీడియోలో భవానీదేవి నిండుగా నవ్వుతూ అక్షింతలు వేస్తోంది. “ఇక్కడే ఆపండి, కాసేపు చూసుకుంటాను,” అందావిడ. బొమ్మ ఆపి, సత్తిరాజు పూజగదిలోకి వెళ్ళాడు. వాడపల్లి కుంకుమ వేలి నిండా తీసుకుని వచ్చాడు. బొడిపె బోసిగా ఉండడం చూసి నొచ్చుకున్నాడు. గోవిందా అంటూ దాని మీద రూపాయి కాసంత బొట్టు పెట్టాడు.

వియ్యపురాలుగారు చీకట్లో కలిసిపోయారు.