జానే దో సాబ్

రైలు పట్టాల లోపలి పగుళ్లను అల్ట్రాసౌండుతో పట్టుకోవడమే భిలాయి ఉక్కు కర్మాగారంలో గోవిందరావు ముప్పయ్యేళ్లు చేసిన ఉద్యోగం. రిటైరయ్యాక ఇవాళ ఆసుపత్రిలో గుండె స్కాన్ తీసే ఎకో గదిలో పడుకుని, తన ఛాతీ మీద తిరుగుతున్న ప్రోబుకు కూడా తనే సూపర్‌వైజరయ్యాడు.

"జెల్ సాల్లేదమ్మా, ఇంకాస్త ఎయ్యి."

టెక్నీషియన్ వాసవి వేసింది. తెర చూస్తూ ఆగింది.

"వాల్వు దగ్గర చిన్న లీకుంది అంకుల్."

"రిపోర్టులో రాయకు తల్లీ. మా ఆవిడ సూసిందంటే ఎల్లుండి పూరీ ప్రయాణం ఆపేస్తాది. ఇంత చిన్నదానికి ఏటవుతాది? జానే దో, వదిలెయ్."

వాసవి నవ్వింది. "మీ పేరు మా ఇంట్లో అందరికీ తెలుసు అంకుల్. మా నాన్న రైల్ మిల్లులోనే చేసేవారు. 'చిన్న గీతే కదా, జానే దో సాబ్' అని మిమ్మల్ని ఎన్నిసార్లు బతిమాలారో! ఒక్క పట్టానైనా వదిలారా?"

గోవిందరావు ఛాతీ మీది జెల్ తుడుచుకుని లేచి కూర్చున్నాడు.

"వదల్లేదు. రాసెయ్."

చొక్కా గుండీలు పెట్టుకుని, రిపోర్టు చంకలో పెట్టుకుని, గుమ్మం దాకా వెళ్లినవాడు వెనక్కి తిరిగాడు.

"అప్పట్లో మీ నాన్న నన్ను ఏటని తిట్టీవోడు?"

వాసవి తల వంచుకుంది.

"పర్లేదు, సెప్పు తల్లీ. ఇంటికెళ్లీదాకా నిన్ను తిట్టుకోడానికి నాక్కూడా కొన్ని తిట్లు కావాల."