తేనెరంగు గుండీ

“కోసేయండి డాక్టరుగారూ! ఇందులో ఆలోచించడానికేముంది?” అన్నాడు టైలరు బామ్మర్ది.

“కోసేయడానికి అదేమన్నా నీ కోటుగుడ్డ అనుకున్నావా?” అని కస్సుమన్నాడు టైలరు. కొట్లో ఉన్నంతసేపూ ఆయన పెదాల మధ్య గుండీలో గుండుసూదులో ఉంటాయి కాబట్టి ఏ మాటైనా సగం నమిలి వదులుతాడు. ఆస్పత్రిలో నోరు ఖాళీగా ఉండేసరికి మాట ఖంగుమంటూ వచ్చింది. వెనకాలే దగ్గూ వచ్చింది.

వచ్చిన దగ్గు ఓ పట్టాన వదలదు. నెలల తరబడి ఇదే వరస. గోడమీద వెలుగుతున్న స్కానులో ఆయన కుడి ఊపిరితిత్తి అడుగున చిన్న మచ్చ ఉంది. ఆయన భార్య దానివంకే చూస్తూ చేతిసంచి పిడిని నలిపేస్తోంది.

“క్యాన్సరే అయితే ఆ భాగం తీసేయాల్సి రావచ్చు. కాకపోతే మంచి ఊపిరితిత్తిని ఎందుకు కోసుకోవాలి? ముందు రక్తపరీక్ష చేద్దాం,” అంది డాక్టరమ్మ.

“మచ్చ ఊపిరితిత్తిలో ఉంటే రక్తంలో ఏం తెలుస్తుందమ్మా?” అంది ఆవిడ.

“క్యాన్సర్ గడ్డ ఉంటే దాన్నుంచి కొన్ని పదార్థాలు రక్తంలోకి రాలుతుంటాయి. వాటిని బయోమార్కర్లంటాం. అవి ఉన్నాయా, ఉంటే ఏ మోతాదులో ఉన్నాయో చూస్తాం. ఒక్క రక్తాన్నే నమ్మి తీర్పు చెప్పేయం. స్కానుతో కలిపి చూస్తే, తర్వాత ఏం చేయాలో దారి దొరుకుతుంది.”

“అంటే మా కొట్టు ఊడ్చి, చెత్తలో దొరికిన పేలికల్ని బట్టి లోపల నేనేం కుడుతున్నానో చెప్పేస్తారన్నమాట!” అన్నాడు టైలరు.

డాక్టరమ్మ నవ్వేసింది. టైలరు భార్యకి మాత్రం నవ్వు రాలేదు.

రక్తం తీసే గది బయట బల్లమీద ముగ్గురూ కూచున్నారు. బామ్మర్ది కోటు సర్దుకున్నాడు. కుట్టింది బావే. గుండీలన్నీ తేనెరంగువి, ఒకటి పోతే దాని చోట కుట్టింది మాత్రం నల్లది. దాన్ని వేలితో టకటకమనిపిస్తూ, “బావా, ఊరంతా గాలించి ఏరి తెచ్చుకున్న గుండీ! ఇప్పుడైనా ఒప్పుకో, మింగేశావు కదూ? ఎవరికి అమ్ముకున్నావు?” అన్నాడు.

“నేను మింగలేదురా! కుట్టేవాడి పక్కన కూచుని నవ్వించి చంపింది నువ్వు. ఆ గోలలో ఎటు దొర్లిపోయిందో నాకేం తెలుసు?”

“కుట్టేది నువ్వు, గుండీ నీ దగ్గరే ఉంది, పోయింది నావల్లా?”

“మీ గుండీ గొడవ తగలెయ్యా! ఇక్కడ నా పైప్రాణాలు పైనే పోతుంటే!” అని ఆవిడ గయ్యిమంది.

ఫలితం వచ్చేదాకా ఆవిడ కుట్టిన కాజాలన్నీ వంకరపోయాయి. మామూలు రోజుల్లో అయితే ఆయన వాటిని విప్పించేవాడు. ఈసారి ఒక్క మాటా అనకుండా తనే విప్పి కుట్టుకుంటుంటే ఆవిడకి మరింత భయం వేసింది.

“రక్తంలో అనుమానించాల్సిందేమీ కనబడలేదు,” అంది డాక్టరమ్మ. “కానీ మచ్చ ఉందిగా? దాని సంగతి తేల్చాల్సిందే. కోతకి మాత్రం తొందరపడను. సన్నని గొట్టానికి కెమెరా పెట్టి లోపలికి పంపి చూస్తాను.”

టైలర్ని లోపలికి తీసుకెళ్ళారు. తలుపు మూసుకుంది. వసపిట్టలా వాగే బామ్మర్ది కోటుకున్న నల్ల గుండీని తిప్పుతూ కూచున్నాడు. కాసేపటికి అక్క చెయ్యి పట్టుకుని, “అక్కా, బావ నవ్వుతూ బయటికొస్తే చాలు. గుండీ మింగేశాడని ఈ జన్మలో అనను,” అన్నాడు.

“ఒట్టు?”

“నీమీద ఒట్టు!”

తలుపు తెరుచుకుంది. డాక్టరమ్మ మూతికి కట్టుకున్న మాస్కు కిందికి లాగి, “గుండీ!” అంది.

ఆవిడ గభాలున లేచింది. “అయ్యో తల్లీ, ఆయన గుండెకేమైంది?”

“గుండె కాదమ్మా, గుండీ! క్యాన్సరూ లేదు, గడ్డా లేదు. ఇదిగో, ఇదే! ఊపిరి గొట్టంలో ఇరుక్కుని కూచుంది. దీని చుట్టూ వచ్చిన వాపే స్కానులో మచ్చలా కనబడింది. ఇక దగ్గు దానంతటదే తగ్గిపోతుంది.”

డాక్టరమ్మ చేతిలోని చిన్న గిన్నెలో తేనెరంగు గుండీ నిగనిగలాడుతోంది.

ఆవిడకి ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి. ఆ కోటు కుడుతున్న రోజు నవ్వుతూ నవ్వుతూ ఆయనకి పొలమారితే తలమీద తట్టి మంచినీళ్ళిచ్చింది తనే. ఆ తర్వాత ముగ్గురూ మిషను కింద దేవులాడారు, బీరువా జరిపారు. ఎవరికీ ఆయన ఛాతీలో వెతకాలని తట్టలేదు. ఆవిడ డాక్టరమ్మ రెండు చేతులూ పట్టుకుని ఊపేస్తూ ఉండిపోయింది. ఇంతకుముందు ఇంత సంతోషం ఎప్పుడు పడిందో ఆవిడకి గుర్తులేదు.

బామ్మర్ది ఒట్టు గాలికి పోయింది. గిన్నె లాక్కుని ఒక్క పరుగున మంచం దగ్గరికెళ్ళి, గుండీని కోటు పక్కన పెట్టి చూపించాడు.

“దొరికిపోయావు బావా! ఇప్పుడేమంటావు? మింగావా, లేదా?”

మత్తు ఇంకా పూర్తిగా వదలని టైలరు గొంతు సవరించుకున్నాడు. నోరు ఖాళీగానే ఉంది కాబట్టి మాట ఎక్కడా నమలకుండా వచ్చింది.

“చెబితే విన్నావుట్రా? నేను మింగలేదు... పీల్చాను!”