తీతువు ఎందుకరిచింది?

పిల్లలూ, ఎండిన కుంటలోకి కొత్త కాలువ నీళ్లొస్తే అందులో ఉండేవాళ్లందరికీ మంచేనంటారా? తొందరపడకండి, ముందు వినండి.

అలా నీళ్లొచ్చిన ఒక కుంటలో, లోతువైపు నిలబడి కొంగ చాటింది: "ఇక అందరికీ పండగే!"

"మరి పడమటి గట్టున తీతువు పిట్ట అరుస్తోందేం, కొంగమామా?" అంది తాబేలు.

"తీతువు అరుపు అపశకునం. చెవులు మూసుకో."

తాబేలు మూసుకోలేదు. గట్టు వెంబడే బయల్దేరింది. దారిలో కప్పలు, "మాకు పెళ్లిసందడే, తాబేలక్కా!" అన్నాయి. పడమట మాత్రం తీతువు తన గుడ్ల చుట్టూ తిరుగుతూ అరుస్తోంది. అది నేలమీదే గుడ్లు పెడుతుంది కదా!

"నిన్న నీళ్లు మూరెడు దూరంలో ఉన్నాయక్కా. ఇవాళ జానెడే. రేపటికి నా గుడ్లు మునిగిపోతాయి."

తాబేలు తిరిగొచ్చి చెబితే కొంగ నవ్వింది. "ఒక్క పిట్ట కోసం నీళ్లొద్దంటామా?"

"వద్దనం. ఎక్కడ ఆగాలో చూద్దాం," అని తాబేలు ఎండ్రకాయల్ని పిలిచింది. గట్టుకి బొక్కలు పెట్టడంలో వాటి తర్వాతే ఎవరైనా. తాబేలు చూపిన ఎత్తులో అవి బొక్కలు పెట్టగానే ఎక్కువైన నీళ్లు బయటికి పోయాయి. గుడ్లకు బెత్తెడు దూరంలో నీళ్లు ఆగాయి.

మర్నాడు కొంగ మొదటిసారి పడమటికొచ్చి, పొదిగే తీతువును చాలాసేపు చూసింది. తర్వాత మెల్లగా అడిగింది: "ఉత్తరపు గట్టున ఎవరుంటారు?"

"నాకూ తెలీదు, పద," అంది తాబేలు.

ఎవరుంటారో మీరు ఆలోచిస్తూ ఉండండి. సగం రుబ్బిన మినప్పప్పు అలాగే ఉంది, నేను వెళ్లి రుబ్బేసి వస్తాను.