రెండో రాయి

మా తమ్ముడు డేవిడ్‌రాజు చనిపోయింది ఒక శనివారం, ఈ వీరులపాడు గుట్టల దారిలోనే. వారం వారం ఈ దారిన వెళ్ళడానికి ఇద్దరికీ ఒకే సైకిల్. ఒకడు కిలోమీటరు తొక్కి, దాన్ని కిలోమీటరు రాయికి ఆనించి, ముందుకు పరుగెత్తాలి. వెనక పరుగెత్తుకొచ్చేవాడు దాన్ని ఎక్కాలి.

"మెల్లగా రా మాస్టారూ! నువ్వెక్కిందాకా ఆగుతాలే!" అని వాడు ముందునుంచి నన్ను ఎగతాళి చేసేవాడు.

ఈ సాయంత్రం ఒక్కడినే వచ్చాను. అలవాటు కొద్దీ సైకిల్‌ని మొదటి రాయి దగ్గర వదిలి పరుగెత్తాను. పొరపాటు తెలిసేసరికి చీకటి పడింది. నన్ను దాటి ఎవరూ వెళ్ళలేదు.

రెండో రాయికి నా సైకిల్ ఆనించి ఉంది. సీటు వాడి ఎత్తుకు పెంచి ఉంది.

ముందు చీకట్లో పరుగెడుతున్న అడుగుల చప్పుడు ఆగింది.

నేనింకా సైకిల్ ఎక్కలేదు.