నత్తల మాస్టారి వాదన

పీత వాసన తగిలి భయపడిన నత్తకు గుల్ల మందమవుతుందనీ, ఆ మందం పిల్లలకు పుట్టుకతోనే వస్తుందనీ జంతుశాస్త్రం మాస్టారి వాదన. అలాంటి మార్పులు వంశంలోకి దిగవని పరిణామ శాస్త్రం తెలిసిన పెద్దలంతా కొట్టిపారేసేవారు. సభల్లో ఆయన మైకు అందుకోగానే సగం మంది కాఫీకి లేచేవారు.

ఆ ఉదయం ఆయన దగ్గర పరిశోధన చేస్తున్న అమ్మాయి రెండు గుల్లలు పట్టుకుని గుమ్మంలోనే నిలబడిపోయింది.

“సార్, మన వాదన తప్పండి. ఈసారి భయపడిన నత్తల పిల్లల్ని కొత్త నీళ్ళలో పెంచాను. గుల్లలు పల్చగానే వచ్చాయి. పాత తొట్టి నీళ్ళలో పీత వాసన మిగిలిపోతోంది. అదీ అసలు సంగతి.”

మాస్టారు ఆ గుల్లల్ని కిటికీ వెలుతురులో తిప్పి తిప్పి చూశారు. జీవితమంతా పడ్డ పాట్లు అక్షరాలా నీళ్ళపాలయ్యాయి.

“ఎవరికీ చెప్పన్లెండి సార్,” అంది అమ్మాయి.

“చెప్పకపోతే ఊరుకోను.” ఆయన ముఖమంతా నవ్వు పరుచుకుంది. కుర్చీ లాగి ఆమెను కూర్చోబెట్టారు.

“నాది తప్పని అందరూ అన్నారు తల్లీ. నత్తల్ని పెంచి చూసి మరీ అన్నది నువ్వొక్కదానివే. ఇన్నేళ్ళూ నేను వాళ్ళనడిగింది అదే.”