వడియాల విమానం

ఆకాశంలో విమానాలు తిరగడం మానేశాక వీధికో ఇంటి విమానం వెలిసింది. ముందుగదిలో కుర్చీలు వేసుకుని, గోడంత తెర పెట్టుకుని, జనం ఏ ఊరైనా చూసి భోజనాల వేళకు దిగిపోతున్నారు.

తెనాలిలో భూషణం నడిపే విమానం మాత్రం పోయిన వారం గోదావరి మీద బిగుసుకుపోయింది. తెర మీద బొమ్మలు కదిలించే గ్రాఫిక్స్ కార్డు పాతదైపోయి కింద నది కదల్లేదు, పైన మబ్బు కదల్లేదు. వీధి వీధంతా గాల్లో కూర్చుంది.

"ఆదివారం కాశీ ప్రయాణమూ ఇట్టాగే అయితే మేం పక్కవీధి బసవయ్య విమానం ఎక్కుతాం బావా" అని పక్కింటి పోలయ్య మొహం మీదే చెప్పాడు.

భూషణం తన భార్య కనకరత్నాన్ని వెంటబెట్టుకుని కంప్యూటర్ల కొట్టుకి వెళ్లాడు. కొట్టతను కొత్త కార్డు తగిలించి చూపించాడు. మబ్బులు ముట్టుకుంటే తడి అంటేటట్టున్నాయి. భూషణానికి ప్రాణం లేచొచ్చింది. కనకరత్నం తెర వైపు చూడనే లేదు, కార్డు వెనక చెయ్యి పెట్టింది.

"ఇదేంటి బాబూ, వేడి రావట్లేదు?"

"చల్లగా ఉండటమే దీని గొప్పమ్మా."

"అయితే వద్దు. పాతదాని సెగ లేకపోతే ఈ ముసురులో నా గుమ్మడి వడియాలు ఎక్కడ ఎండాలి?"

"విమానానికి కొంటున్నామా, వడియాలకా?" అన్నాడు భూషణం.

"రెంటికీ పనికొచ్చేది చూడండి."

కొట్టతను నవ్వాపుకుంటూ, సెగ భరించలేక ఎవరో తిరిగిచ్చేసిన కార్డొకటి మూలనుంచి తీశాడు. బొమ్మ భేషుగ్గా ఉంది. సెగ ఇంకా భేషుగ్గా ఉంది.

ఆదివారం విమానం ఎక్కడా ఆగకుండా కాశీ చేరింది. కింద గంగ మెరుస్తోంది గానీ చూసేవాళ్లే లేరు, అందరి ముక్కులూ వంటింటి వైపే. కార్డు వెనక ఎండిన వడియాలు వంటింట్లో వేగుతున్నాయి.

"బావా, ఈ విమానంలో భోజనం కూడా పెడతారా?" అన్నాడు పోలయ్య.

"బసవయ్య విమానంలో పెట్టడా?" అంది కనకరత్నం లోపల్నుంచి.

"మంచినీళ్లు కూడా ఇవ్వడక్కా!"